అమ్మకం సక్రమమే; అయినా ఖాతా ఎందుకు ఆగుతున్నది?

శంషాబాద్: విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైన తర్వాత శంషాబాద్ పరిసరాలలో టాక్సీలు, లాడ్జీలు, టిఫిన్ సెంటర్లు, వాహన విడిభాగాల దుకాణాలు పెరిగాయి. ఇక్కడి గిరాకీలో ప్రయాణికుల పాలు హెచ్చు. వారు ఫోను ద్వారా సొమ్ము చెల్లించి వెళ్ళిపోతారు. చిల్లర బెడద తప్పింది గాని, చెల్లించినవారెవరో వర్తకునికి తెలియదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

సొమ్ము నడిచే బాట

ఎక్కడో మోసపోయిన వ్యక్తి 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇస్తే, అతని సొమ్ము ఏయే ఖాతాలకు మళ్ళిందో బ్యాంకులు వరుసగా వెదుకుతాయి. మోసగాడు సొమ్మును ఒకచోట నిలవనీయడు. ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు మళ్ళిస్తాడు. ఆ బాటలోని వ్యక్తి ఒకడు టైరు కొని రూ.8,000 చెల్లిస్తే, ఆ జమతో వర్తకుని ఖాతా కూడా దర్యాప్తులోకి వస్తుంది. దొంగబంగారం అని తెలియక కొన్న వర్తకుని అవస్థ వంటిదే ఇది. కేసు మరో రాష్ట్రంలో నమోదై ఉండవచ్చు.

బ్యాంకు ఖాతా కూడా పోలీసులు స్వాధీనపరచుకోదగిన ఆస్తియేనని సుప్రీంకోర్టు 1999లో తపస్ నియోగీ కేసులో తీర్పు చెప్పింది. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 102వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షను అమలులోకి వచ్చింది.

వివాదంలోని మొత్తాన్ని మాత్రమే నిలుపుదల చేస్తే వర్తకం సాగుతుంది. ఖాతా మొత్తం ఆగితేనే నష్టం. రూ.8,000 తగాదాకు రూ.3 లక్షల పెట్టుబడి బిగుసుకుపోతే సరకు బాకీ తీరదు, ఇచ్చిన చెక్కు తిరిగివస్తుంది, జీతాల బట్వాడా ఆగుతుంది. పోలీసులు పేర్కొన్న మొత్తానికే స్తంభనను పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లో తన ముందుకు వచ్చిన పిటిషన్లలో బ్యాంకులను ఆదేశించింది.

ఇతర కారణాలు

అన్ని స్తంభనలూ పోలీసు కేసులవి కావు. కె.వై.సి. పత్రాలు సకాలంలో ఇవ్వకపోయినా, సేవింగ్సు ఖాతాలో వ్యాపారపు జమలు నడిపినా బ్యాంకు అభ్యంతరం చెప్పవచ్చు. జి.ఎస్.టి. చట్టం 83వ సెక్షను కింద పన్ను అధికారులు ఖాతాను తాత్కాలికంగా జప్తు చేయవచ్చు. దాని గడువు ఏడాది. ఒక్కొక్కప్పుడు చిక్కు చెల్లింపు సంస్థదే. పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు 2024 జనవరి 31న ఆంక్షలు విధించగా, మార్చి 15 తర్వాత ఆ ఖాతాలలో కొత్త జమలు నిలిచాయి.

తీసుకోవలసిన జాగ్రత్తలు

"ఫోనులో పంపుతాం, రొక్కం ఇవ్వండి" అనే అపరిచితులకు రొక్కం ఇవ్వరాదు. బిల్లు ఒకరి పేర, చెల్లింపు మరొకరి ఖాతా నుంచి వస్తే కారణం అడిగి రాసి ఉంచుకోవాలి. కమీషను మాత్రమే తనదైనా, సరకు సొమ్మంతా తన ఖాతా గుండా పోనిచ్చే దళారీకి ప్రమాదం మరీ ఎక్కువ. చిల్లర జమలకు ఒక ఖాతా, పెట్టుబడికి వేరొక ఖాతా ఉంచుకుంటే ఒకటి ఆగినా వర్తకం పూర్తిగా స్తంభించదు.

ఖాతా ఆగిన వర్తకుడు మొదట బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, పోలీసు స్టేషను పేరు, వివాదపు మొత్తం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ జమకు సంబంధించిన బిల్లు, సరకు ఇచ్చిన రుజువు దర్యాప్తు అధికారికి పంపి, మిగిలిన మొత్తాన్ని విడుదల చేయమని కోరాలి. ఫలితం లేకపోతే మేజిస్ట్రేటు కోర్టును, హైకోర్టును ఆశ్రయించవచ్చు. లోపం బ్యాంకుదైతే, ఫిర్యాదుకు 30 రోజులలో జవాబు రానప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

వీటన్నిటికీ ఆధారం పద్దే. ఏ జమ ఏ సరకుకు వచ్చిందో చూపగల వర్తకుని మాటకే అధికారుల వద్ద బలం ఉంటుంది. ఫోనుకు వచ్చే సందేశం సొమ్ము చేరిందని మాత్రమే చెబుతుంది. అది ఎందుకు వచ్చిందో చెప్పవలసినది బిల్లే.