శీతలయంత్రమున బూజు

తడిగరిటె తగిలిన ఆవకాయజాడీకి నాలుగుదినములలో బూజుపట్టునని యెఱుగని గృహిణి యుండదు. చేయి తుడుచుకొనికాని జాడీని తాకము; మూతకు వాసెన కట్టక విడువము. ఇంత జాగ్రత్త నెఱిగిన మనము, రాత్రియెల్ల మనవారు పీల్చెడి గాలిని పంపు ఏసీ యంత్రములో ఆ బూజే చేరుచుండగా గమనింపకున్నాము. దీనినిగూర్చి సోదరీమణులకు నాలుగుమాటలు చెప్పదలచితిమి.

గడచిన వర్షకాలమున మేము ఓడలరేవులో బంధువులయింట కొన్నిదినము లుంటిమి. వైనతేయగోదావరి కడలిలో గలియు చోటది. ఒకవంక సముద్రము, ఒకవంక ఏరు, నడుమ కొబ్బరితోటలు. అచట ముసురుపట్టిన దినములలో మూతలేని ఉప్పు చెమ్మగిల్లును. ఆరవేసిన చీర మఱునాటికిగాని ఆరదు. ఆ యింట రెండేండ్ల పసివాడు తెల్లవారుజామున లేచి దగ్గుచుండెను.

“ఆ మిషనుగాలి పిల్లవానికి పడుట లేదే, అమ్మాయీ!” అని నాయనమ్మ. “అది లేకున్న ఈ యుక్కలో వానికి కునుకు పట్టదు, అత్తయ్యగారూ!” అని తల్లి. ఇద్దఱి మాటయు నిజమే. యంత్రమును నడిపింపగనే తడిమట్టివంటి ముక్కిన వాసన వచ్చుచుండెను. మూత తీయించి చూడగా జాలిమీద దట్టముగ దుమ్మును, లోపలి చక్రమున నల్లని మచ్చలును గనబడినవి.

ఇది యేల కలుగును? చల్లనినీటి చెంబునకు వెలుపల చెమర్చుట మన మెఱిగినదే. యంత్రములోని చల్లని గొట్టములకు గదిలోని గాలి తగిలి అట్లే చెమర్చును. నిజమునకు ఈ యంత్రము పుట్టినదే చెమ్మకొఱకు. 1902వ సంవత్సరమున అమెరికాలో బ్రూక్లినునందలి యొక ముద్రణాలయములో కాగితములు చెమ్మకు సాగి రంగులు సరిగా కుదురకుండగా, విల్లిస్ కారియర్ అను ఇంజనీరు గాలిలోని తేమను తీయుట కుపాయము కల్పించెను. తీసిన నీరు సాంతముగ బయటికి పోయిన మేలే. పళ్ళెములో నిలిచెనా, తడియు, దుమ్మును, చీకటియు నొక్కచోట గూడి బూజునకు పుట్టినిల్లగును.

బూజు విడుచు సూక్ష్మబీజములు గాలితో గదియంతయు వ్యాపించును. అందఱికిని అవి కీడు చేయవు. ఉబ్బసము గలవారికిని, పడని తత్త్వము గలవారికిని, రోగములచే డస్సిన వారికిని దగ్గు, ఆయాసము హెచ్చింపగలవు. చెమ్మయు బూజును గల యిండ్లలో శ్వాసబాధ లధికమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించినది.

ఇక చేయవలసిన పనులు. మెయిన్ స్విచ్చి ఆపి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, జాలిని పదునైదు దినముల కొకమాఱు సబ్బునీట కడిగి, పూర్తిగ ఆరినపిదపనే పెట్టవలెను. తడిజాలి పెట్టుట జాడీలో తడిగరిటె ముంచుటయే. చక్రమును, పళ్ళెమును పనివానిచే ఏటేట వేసవికి ముందు కడిగింపవలెను. నీటిగొట్టము పల్లమునకు వాలియుండవలెను. దాని కొన బకెట్టునీటిలో మునిగియుండరాదు. ఉదయమున చల్లదనము నాపి, పంకా నొక్కటే అరగంట నడిపినచో లోపలి తడి యారును. తడిబట్టల నా గదిలో ఆరవేయరాదు. మిక్కిలి చల్లగ పెట్టినచో గోడలకును చెమ్మపట్టును. ఇరువదినాలుగు డిగ్రీలు చాలును. అగరువత్తి వెలిగించి వాసనను కప్పుట రోగమును దాచుటయే. బ్లీచింగుపొడిని స్నానాలగదులు కడుగు ఆసిడ్డుతో నెన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

విదేశములనున్న మన ఆడపడుచుల యిండ్లలో చలికాలపు వెచ్చని గాలియు, వేసవి చల్లని గాలియు ఒక్క గొట్టములగుండనే వచ్చుట కలదు. ఆ గొట్టముల లోపలి దూదివంటి పొర తడిసి బూజుపట్టినచో కడిగి ప్రయోజనము లేదు; తీసివేసి క్రొత్తది వేయింపవలసినదే. ఏ దేశమైనను సూత్ర మొక్కటే: బూజును తుడుచుట సగముపని, తడిని మాన్పుట తక్కిన సగము.

ఓడలరేవున మేమున్న దినములలోనే యంత్రమును కడిగించిరి; పిల్లవానిని వైద్యునికి జూపిరి. క్రమముగ దగ్గు తగ్గినది. మందువలననో, శుభ్రతవలననో మేము తేల్చి చెప్పజాలము. వాసనమాత్రము మఱి రాలేదు. ఇప్పుడు పక్షమున కొకమాఱు “జాలి కడిగితివా, అమ్మాయీ?” అని ఆ నాయనమ్మయే యడుగుచున్నదట. మన యిండ్లలోను ఆ ప్రశ్న యడుగు పెద్దదిక్కు ఒకరుండవలెనని మా కోరిక.