గురువు హోదా వదిలారు.. పేదల్ని వదల్లేదు!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ‘బత్తలపల్లి ఆస్పత్రి’ అంటే తెలియనివాళ్లు అరుదు. ధర్మవరానికి దగ్గర్లోనే ఉన్న ఆ ఆర్డీటీ ఆస్పత్రిని పేదల కోసం నిలబెట్టిన మనిషి సమాధి కూడా బత్తలపల్లిలోనే ఉంది. ఆయనే విన్సెంట్ ఫెర్రర్. ఇక్కడి జనానికి మాత్రం ‘ఫాదర్’!

1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారాయన. 1952లో జెస్యూట్ సభ తరఫున మన దేశానికొచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల చేత బావులు తవ్వించారు. అది చూసి పలుకుబడి ఉన్నవాళ్లకి కన్ను కుట్టింది. 1968లో దేశం వదలాల్సి వచ్చింది. అయినా మరుసటి ఏడాదే తిరిగొచ్చి, కరవుసీమ అనంతపురంలో కాలుపెట్టారు. 1970లో జెస్యూట్ సభ నుంచి బయటికొచ్చి పెళ్లి చేసుకున్నారు. గురువు హోదా పోయింది. సేవ మాత్రం ఆగలేదు.

బైబిల్లో మంచి సమరయుడి కథ గుర్తుందా? దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ని చూసి యాజకుడు పక్కకి తప్పుకుంటాడు. లేవీయుడూ అంతే. పరాయివాడైన సమరయుడు మాత్రం ఆగుతాడు. గాయాలకి కట్టు కట్టి, సత్రానికి తీసుకెళ్లి, ఖర్చు తనే పెట్టుకుంటాడు. ‘నువ్వెవరివి?’ అని అడగడు. క్రైస్తవంలో దానానికి కొలత అదే. ఎంత ఇచ్చావని కాదు, ఆగావా లేదా అని!

ఫెర్రర్ ఆగారు. ఆర్డీటీ దళితవాడల్లో బడులు నడిపింది, ఇళ్లు కట్టించింది. ఆ ఇళ్లు ఇల్లాలి పేరు మీదే ఇచ్చింది. ఇక ఆమెను ‘బయటికి పో’ అనే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? చేతిలో పెట్టిన డబ్బు నాల్రోజుల్లో అయిపోతుంది. పేరు మీదున్న ఇల్లు అలా కాదు కదా!

2009లో ఫాదర్ కన్నుమూశారు. 2025లో విదేశీ విరాళాలకి కేంద్రం ఇచ్చే అనుమతి రెన్యువల్ కాకపోవడంతో, ఆర్డీటీని కాపాడాలంటూ జనం రోడ్డెక్కారు. ఇక్కడే మనల్ని మనం ఓ మాట అడగాలి. ఇన్నేళ్లూ స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బుతో మన పిల్లలు చదువుకున్నారు. మరి మన పక్కవీధి పిల్లాడి కోసం మనమేం పంపాం?

కోటీశ్వరులం కానక్కర్లేదు. ఏసు మెచ్చుకుంది డబ్బున్నవాళ్ల కానుకల్ని కాదు, పేద విధవరాలు వేసిన రెండు కాసుల్ని. ఫోన్ మన చేతిలోనే ఉంది. ఈసారి రీఛార్జ్ చేసేటప్పుడు, ఫీజు కట్టలేని ఓ క్లాస్‌మేట్‌ని గుర్తు చేసుకుందాం. పంపింది వందే అయినా ఫర్లేదు.. స్టేటస్‌లో మాత్రం పెట్టొద్దు!