లాకుల మీదుగా పడవ ప్రయాణం

సూరత్ నగరంలోని పర్వత్ పాటియా వాసులకు నీరనగానే ముందు స్ఫురించేది వరద. వర్షాకాలంలో ఖాడీ పొంగి వీధులను ముంచెత్తినపుడు మాత్రమే మాకు పడవల దర్శనం లభిస్తుంది. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. ఉద్యోగరీత్యా మేమూ వారి నడుమ స్థిరపడ్డాము. ఇటీవల ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు, సకుటుంబంగా కెనెట్-ఏవన్ కాలువపై వారం రోజులు పడవలో విహరించి, కొన్ని ఛాయాచిత్రాలు పంపించాడు. ఎనభై దాటిన మా అమ్మ వాటిలో ఒకదానిని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, "ఇది లాకు కదురా! దుగ్గిరాలలో మేము దాటింది ఇలాంటిదే" అన్నది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మాటే.

1810లో పూర్తయిన ఆ జలమార్గం రీడింగ్ వద్ద థేమ్స్ నదిని బ్రిస్టల్ రేవుతో కలుపుతుంది. పొడవు 140 కిలోమీటర్లు. అక్కడి ఇరుకు పడవ ఏడడుగుల వెడల్పునకు మించదు. పొడవు మాత్రం డెబ్బయి అడుగుల దాకా ఉండవచ్చు. పడకలు, వంటగది అందులోనే. అద్దెకు తీసుకొన్నవారే నడుపుకోవాలి. వెనుక నిలబడి చుక్కాని పిడిని కుడివైపునకు నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది. ఈ తిరకాసు అలవడడానికి మా మేనల్లుడికి ఒక పూట పట్టిందట! గంటకు నాలుగు మైళ్ళకు మించిన వేగం నిషిద్ధం.

అసలు పరీక్ష డివైజిస్ పట్టణం వద్ద ఎదురవుతుంది. అక్కడ వరుసగా 29 లాకులు దాటి పడవ 72 మీటర్ల ఎత్తుకు చేరాలి. పడవ లాకులోకి ప్రవేశించగానే దిగువ తలుపులు మూసి, మరతిప్పి పైతూములు ఎత్తుతారు. ఎగువ నీరు నిండుతూ పడవను మెల్లగా పైకి తెస్తుంది. అప్పుడు ఎగువ తలుపులు తెరుచుకొంటాయి. పడవలు దాటినకొద్దీ శిఖరభాగం నుండి నీరు దిగువకు తరలిపోతుంది. ఆ లోటును పూరించడానికి క్రాఫ్టన్ వద్ద 1812లో నెలకొల్పిన ఆవిరి యంత్రం నేటికీ నడిచే స్థితిలో ఉన్నది. నిత్యం పని చేసేది విద్యుత్తు పంపులే అయినా, కొన్ని రోజులలో దానినీ నడిపిస్తారు. యంత్రాలతో సహవాసం చేసే మనవంటి వారికి ఇది ముచ్చట గొలిపే విషయం.

ఈ కాలువ 1852లో రైలు కంపెనీ పరమై క్రమేణా శిథిలమైంది. స్వచ్ఛంద కార్యకర్తలు దశాబ్దాల తరబడి పూడిక తీసి, తలుపులు బిగించి దానిని బాగుచేసుకొన్నారు. 1990 ఆగస్టు 8న ఎలిజబెత్ రాణి పునఃప్రారంభించింది.

మన బకింగ్‌హామ్ కాలువ కథ ఇంతకంటె దీర్ఘమైనది. 1806లో మదరాసు నుండి ఎన్నూరు వరకు మొదలై, అంచెలంచెలుగా పెరిగి, పెదగంజాం నుండి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు సాగింది. పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువ దీనిని కృష్ణా డెల్టాతో కలిపింది. అటుపైన ఏలూరు కాలువ మీదుగా గోదావరి, కాకినాడ! నెల్లూరు బియ్యం, ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు ఈ దారినే మదరాసు చేరేవి. గాలి వాటమైతే తెరచాప, లేకుంటే గట్టున తాడు లాగే మనుషులు.

మదరాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపే ఎనిమిది కిలోమీటర్ల కాలువ 1877-78 కరవులో తవ్వబడింది. 1877 ఆరంభంలో మదరాసు రాజధానిలోని కరవు పనులలో ఒక పురుషునికి దినకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా! పేరు మాత్రం గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుకు దక్కింది. ఆకలితో అలమటించినవారి చేత తవ్వించిన ఆ కాలువలోనే తరువాతి కాలంలో నగర రైలుమార్గపు స్తంభాలు నాటారు.

1899లో విజయవాడ-మదరాసు రైలుమార్గం ఏర్పడడంతో సరుకు రైలెక్కింది. 1965, 1966 తుఫానులు మిగిలిన దానినీ దెబ్బతీశాయి. అయినా 2004 సునామీ నాడు సముద్రజలాన్ని తనలో ఇముడ్చుకొని తీరవాసులెందరినో ఈ కాలువ కాపాడింది. 2008లో నాలుగవ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు గాని, పడవల రాకపోకలు పునరుద్ధరింపబడలేదు. మొత్తం మార్గం మాట అటుంచి, డెల్టాలో రెండు లాకుల నడుమ భాగమైనా ప్రయాణికులకు తెరవరాదా అని నాకనిపిస్తుంది. ఇంగ్లండువారు మొదలుపెట్టినదీ అట్లా ముక్కలుగానే.

అమ్మ పడవ ఎక్కింది ఏడెనిమిదేళ్ళ ప్రాయంలో, పెళ్ళివారితో. లాకు నిండే వరకు తాతగారు గట్టు దిగి తాటిముంజలు కొని తెచ్చేవారట. మగవారు తాడు లాగుతుంటే పిల్లలు గట్టు వెంబడి పరుగెత్తేవారట. ఆ ఛాయాచిత్రాన్ని ఆమె తన మందుల పెట్టెలో దాచుకొన్నది. "వాడు వచ్చినప్పుడు నన్ను దుగ్గిరాల తీసుకువెళ్ళండి, లాకు నేను చూపిస్తాను" అంటున్నది.