తనకు తానే వేసికొను ఓటు

తరగతి నాయకుని ఎన్నికలో పోటీ చేసిన బాలుడు తన ఓటును తనకే వేసికొనుట తప్పు కాదు. 40 మందిలో అది ఒక్క ఓటు మాత్రమే. కాని ప్రతి ఓటునకును ధనము లభించునట్లును, ధనవంతుని ఓటు పేదవాని ఓటుకంటె వేయిరెట్లు బరువైనట్లును ఏర్పాటు చేసినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము ఇటీవలి చరిత్రలోనే కలదు.

2016వ సంవత్సరమున అమెరికాలో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అను ఇరువురు స్టీమిట్ అను సామాజిక మాధ్యమమును స్థాపించిరి. వారి ఉద్దేశము మంచిదే. ఇట్టి మాధ్యమములలో వ్రాయువారు జనులు, లాభము పొందునది సంస్థ. అట్లు గాక వ్రాసినవారికే ప్రతిఫలము ముట్టవలెనని వారు తలచిరి. స్టీమ్ అను డిజిటల్ నాణెములు నిత్యము కొన్ని క్రొత్తగా పుట్టుచుండును. అందొక భాగము ఉమ్మడి రాశియై, పాఠకుల ఓట్లను బట్టి రచయితలకు పంచబడును.

అయితే అచ్చట ఓటు మనిషికొకటి కాదు. ఖాతాలో ఎన్ని నాణెములు నిలువ చేసినచో ఓటునకు అంత బరువు. తన రచనకు తానే ఓటు వేసికొనుటకు నిషేధము లేదు.

మొదట ప్రతిఫలమును ఓట్ల బరువుయొక్క వర్గమును బట్టి లెక్కించెడివారు. బరువు 2 రెట్లైనచో ప్రతిఫలము 4 రెట్లు. కావున చిన్నవాడు ఒంటరిగా తనకు వేసికొన్న ఓటువలన దాదాపు ఏమియు రాకుండెను. పెద్ద ఖాతాలవారికి మాత్రము మిక్కిలి లాభము. 2017 జూన్‌లో దీనిని మార్చి, బరువెంతో ప్రతిఫలమంత యని నిర్ణయించిరి. చిన్నవారికి మేలు కలిగినది. దానితోపాటు మరియొక ద్వారమును తెరచుకొన్నది. పూర్తి బలముతో దినమునకు సుమారు 10 ఓట్లు వేయవచ్చును. పరుల రచనను మెచ్చి ఓటు వేసినచో, ఓటు వేసినవారందరికిని కలిపి దక్కునది నూటికి 25 పాళ్లే. తనకే వేసికొన్నచో రచయిత భాగమైన 75 పాళ్లును ఇంటికే వచ్చును. ఇక పరుల రచనను చదువుటకు శ్రమ యేల? కొందరు నాలుగు పొడి మాటలు వ్రాసి ఓట్లన్నియు తమకే వేసికొనిరి. ఓట్లను వెలకు అమ్ము యంత్రములును వెలసెను.

2019 ఆగస్టులో రచయితకు సగము, ఓటు వేసినవారికి సగము అని సవరించిరి. పనికిమాలిన రచన ప్రతిఫలమును తగ్గించు ఓట్లకు వేరుగా కొంత శక్తినిచ్చిరి. దీనివలన ఆశ కొంత తగ్గును గాని తొలగదు. సగముకంటె అంతయు ఎక్కువే గదా!

పరులను నిందించుట మా ఉద్దేశము కాదు. పొరుగు రాష్ట్రమున మేము ఉపాధ్యాయ శిక్షణ పొందునాళ్లలో, తోటివారి పాఠములకు మేమే మార్కులు వేయు పద్ధతి యుండెను. "నాకు 9 వేయుము, నీకు 9 వేసెదను" అను ఒప్పందము వారము తిరుగకమునుపే కుదిరినది. మా పాఠములోని లోపమును చెప్పినవారొక్కరును లేరైరి. ఆ లోపములు పిమ్మట నిజమైన తరగతిలో, పిల్లల యెదుట బయటపడినవి. ఆ 9 మార్కుల వెలను చెల్లించినవారు ఆ పిల్లలే.

భారతమున కర్ణపర్వములో, ఆత్మస్తుతి తన్ను తాను చంపుకొనుటతో సమానమని శ్రీకృష్ణుడు అర్జునునకు బోధించెను. ఓటుకైనను మాటకైనను ఈ ధర్మమొక్కటే.

మన ప్రాంతమున తెలుగు చదువువారు కొలదిమంది. కొలదిమందిలో ఒకరినొకరు పొగడుకొనుట సులభము; నిజము చెప్పుట కష్టము. కావున తల్లిదండ్రులకు మా మనవి: మీ బిడ్డ వ్రాసిన తెలుగు పుటను ఇంట ఒక్కసారి పూర్తిగా చదువుడు. బాగున్నచోట బాగున్నదనియు, తడబడినచోట తడబడినదనియు చెప్పుడు. చదివి చెప్పిన ఆ ఒక్క మాట, చదువక వేసిన పది ఓట్లకంటె బరువైనది.