తిన్నని వంట

వెనుకటి రోజులలో అమరకోశం వల్లెవేసిన విద్యార్థికి శూల్యమన్నా, భటిత్రమన్నా అర్థం చెప్పనక్కరలేదు. ఇనుప చువ్వకు గ్రుచ్చి నిప్పులపై కాల్చిన మాంసానికి అవి పేర్లు. పేర్లు నోటికి వచ్చినవే గాని, వాటి వెనుకనున్న వంట మాత్రం బడి గడప దాటి లోపలికి రాలేదు. ఈనాడు అదే వంట బార్బెక్యూ అన్న పేరుతో నగరాల భోజనశాలలలో వెలసింది. పంది పక్కటెముకలకు పొడి మసాలా పట్టించి, పులుసూ చారూ లేకుండా, సన్నని సెగపై గంటల తరబడి కాల్చడం అందులో ఒక విధం. అమెరికాలో మెంఫిస్ నగరం దీనికి పేరుమోసింది. గ్రీకు సంతతికి చెందిన చార్లీ వెర్గోస్ అక్కడ 1948లో రాండెవూ అనే భోజనశాల స్థాపించి, పొడి మసాలా పక్కటెముకలకు ప్రసిద్ధి తెచ్చాడు. బార్బెక్యూ అన్న మాట మాత్రం కరిబియన్ దీవుల ఆదివాసులది. కర్రలతో కట్టుకొన్న మంచెకు వారు పెట్టుకొన్న పేరు స్పానిష్ వారి నోట బార్బకోవా అయి, తరువాత ఇంగ్లీషులో చేరింది.

ఇంత దూరపు వంట మనకు క్రొత్తదేమీ కాదు. 12వ శతాబ్దిలో పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో రాజభోజనాన్ని వర్ణించే భాగమున్నది. పందిని శుభ్రపరచి, నిప్పులపై కాల్చి, ముక్కలు కోసే విధానం అందులో సవివరంగా కనిపిస్తుంది. అప్పటికి మన దేశానికి మిరపకాయ రాలేదు. కారమంటే మిరియమే. పోర్చుగీసువారి ఓడలతో అమెరికా కాయ దిగిన తరువాత గూడ, మిరియపు పేరునే సవరించి దానికి పెట్టుకొన్నాము.

చక్రవర్తి సంగతి అటుంచి, కన్నప్ప కథ చెప్పని తెలుగు ఉపాధ్యాయుడుండడు. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోను, 16వ శతాబ్దిలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోను ఆ భక్తుని కీర్తించారు. స్వామికి కన్ను సమర్పించే ఘట్టం వచ్చేసరికి మన కంఠం గద్గదమవుతుంది. దానికి ముందరి ఘట్టాన్ని మాత్రం చప్పున దాటిపోతాము. బోయపిల్లవాడు తిన్నడు వేటాడిన మాంసాన్ని నిప్పుల మీద కాల్చి, నమిలి రుచి చూచి, బాగా కుదిరిన ముక్కలనే ఏరి స్వామికి తెచ్చాడు గదా! ముక్క మాడకుండా, పచ్చిగా మిగలకుండా కాచుకొని కూర్చున్న ఆ ఓర్పు భక్తి కాక మరేమిటి? కన్ను ఇచ్చింది ఒక్క క్షణంలో. వంట చేసింది దినదినమూను.

ఆ పేజీ దాటిపోవడంలోని దోషం పార్వతీపురం వంటి ఊళ్ళలో తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న మన్యం జిల్లాకు ఇది కేంద్రమైనది. ఇక్కడి తరగతులలో సవర, జాతాపు, కొండదొర బాలబాలికలు కూర్చుంటారు. ఒడిశా కొండ సవరల మతాచారాలపై వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథం చూస్తే, వారి పూజలలో పందికి ఎంత ప్రాముఖ్యమున్నదో తెలుస్తుంది. పండుగ మాంసం ఇంటివారితో ఆగదు, చుట్టాలకు పంచవలసినదే. అటువంటి ఇంటి పిల్లవాడు, “రాత్రి ఏమి కూర?” అని తోటివాడు అడిగితే తల వంచుకొంటాడు. నగరంలో అదే మాంసానికి విదేశీ పేరు తగిలించి వడ్డిస్తే గౌరవం. కొండవాని ఇంట వండితే చిన్నతనం! ఇది న్యాయమా?

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవరభాష నేర్చుకొన్నారు, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆ భాష గురించి వారు ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం 1931లో వెలువడింది. నోటి మాటకు వారు ఇచ్చిన మర్యాదను మనం నోటి ముద్దకు ఇవ్వలేమా?

ఇంటిలో చేసుకోదలచిన వారికి విధానం చెబుతాను. కిలో పక్కటెముకలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఎముకల వెనుకనున్న పలుచని పొరను ఒలిచివేయాలి. రెండేసి చిన్న చెంచాల ఉప్పు, మిరియాల పొడి, బెల్లపు పొడి. ఒక్కొక్క చెంచా ఎండుమిరప కారం, ధనియాల పొడి. అరచెంచా చొప్పున శొంఠి, మన్యపు పసుపు కలిపి, చేతితో రుద్ది పట్టించాలి. రాత్రంతా చల్లని పెట్టెలో ఉంచితే ఉప్పు మొదట మాంసపు నీటిని పైకి లాగి, అందులో కరగి, మరల లోనికి దిగుతుంది. మరునాడు పెరటిలో పెద్ద కుంపటి పెట్టి, బొగ్గులను ఒక ప్రక్కకు నెట్టి, రెండవ ప్రక్కన జల్లిమీద మాంసముంచి, గాలి కొద్దిగా ఆడేటట్లు మూత వేయాలి. మూసిన గదిలో బొగ్గులు రాజేయరాదు. ఆ పొగ ప్రాణాంతకం. మంట పెరిగితే బెల్లం మాడి చేదెక్కుతుంది. సెగ సన్నగా ఉంటే ఎముకను పట్టుకొన్న గట్టి నారలు మెల్లమెల్లగా కరగి జిగురవుతాయి. దీనికి సుమారు మూడు గంటలు పడుతుంది. మాంసం వెనుకకు జరిగి ఎముక కొసలు బయటపడితే పాకం కుదిరినట్లు. పందిమాంసం అరవేపుగా తింటే బద్దెపురుగు సోకవచ్చును గనుక, ఈ ఓర్పు రుచికే గాక ఆరోగ్యానికీ అవసరం.

అరకు ప్రాంతపు బొంగు చికెన్‌లోనూ ఇదే సూత్రమున్నది. ఉప్పు, కారం, పసుపు పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురుబొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పులో పెడతారు. నీరు పోయరు, నూనె వేయరు. వెదురులోని చెమ్మే దానికి చారు.

తినని వారిని తినుమనడం నా ఉద్దేశం కాదు. ఎవరి ఆచారం వారిది. తినేవారిని తలవంచుకోనీయకుండా చూడడం మాత్రం చదువు చెప్పేవారందరి ధర్మం. ఈసారి కన్నప్ప పాఠం వచ్చినప్పుడు ఉపాధ్యాయ మిత్రులు ఆ మాంసపు దొప్ప దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తిన్నడు దానిని ఎట్లా కాల్చి ఉంటాడో తరగతిని అడగండి. చివరి బల్ల మీది పిల్లవాడు తనంతట తానే లేచి జవాబు చెప్పవచ్చును. ఆనాడు అతడే గురువు, మనం విద్యార్థులం.