సూక్ష్మకటక ప్రభావం: గుర్తింపులో కాంతివక్రం, వర్ణపటాల పాత్ర

ఉపోద్ఘాతం

దూరపు నక్షత్రానికీ మనకూ మధ్యగా మరొక ఖగోళవస్తువు సాగిపోయేటప్పుడు, దాని గురుత్వాకర్షణ వల్ల వెనుకనున్న నక్షత్రపు కాంతి వంగుతుంది. ఏర్పడిన ప్రతిబింబాలు విడివిడిగా కనిపించనంత దగ్గరగా ఉంటాయి. కనుక ఆ నక్షత్రం కొంతకాలం ఎక్కువగా ప్రకాశించినట్లు మాత్రమే తోస్తుంది. మైక్రోలెన్సింగ్ అనే ఈ దృగ్విషయాన్ని ఇక్కడ ‘సూక్ష్మకటక ప్రభావం’గా వ్యవహరిస్తున్నాను. 1936లో దీనిని వివరించిన ఐన్‌స్టీన్, ప్రత్యక్షంగా చూడగలమన్న ఆశ లేదని భావించారు. 1986లో పచిన్‌స్కీ, మెజెల్లానిక్ మేఘాలలోని లక్షలాది నక్షత్రాలను నిరంతరం గమనిస్తే పాలపుంత పరివేషంలోని చీకటి వస్తువులను పసిగట్టవచ్చని ప్రతిపాదించారు. 1993లో మాకో, ఎరోస్, ఓగ్లే బృందాలు తొలి ఘటనలను ప్రకటించాయి.

కాంతివక్రం చెప్పేది

కటకం ఒంటరి వస్తువైతే కాంతివక్రం సౌష్ఠవంగా పెరిగి, అదే తీరున తగ్గుతుంది. నక్షత్రం ఐన్‌స్టీన్ వలయపు అంచున ఉన్నప్పుడు ప్రకాశం 1.34 రెట్లవుతుంది, కటకానికి మరింత చేరువైతే ఇంకా పెరుగుతుంది. గురుత్వాకర్షణ అన్ని తరంగదైర్ఘ్యాల కాంతినీ సమానంగా వంచుతుంది కాబట్టి రంగు మారదు. మాకో తొలి ఘటనలో ప్రకాశం సుమారు 7 రెట్లు పెరిగింది. ఎరుపు, నీలి వడపోతలు రెండింటిలోనూ ఆ పెరుగుదల ఒకే నిష్పత్తిలో కనిపించింది.

వర్ణపటం చెప్పేది

చరనక్షత్రం తనంతట తానే ప్రకాశవంతమైతే దాని ఉష్ణోగ్రతో, పరిమాణమో మారుతుంది; శోషణరేఖల బలాబలాలు మారుతాయి, కొన్నిసార్లు ఉద్గారరేఖలు పుడతాయి. సూక్ష్మకటక ప్రభావంలో కాంతి పెరిగినా రేఖల స్వరూపం ప్రధానంగా యథాతథంగా ఉంటుంది.

అయితే ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి. పొరుగు నక్షత్రపు కాంతి కలిసిపోతే రంగు మారినట్లు భ్రమ కలుగుతుంది. కటకం నక్షత్రబింబం మీదుగానే సాగితే, బింబపు అంచు, కేంద్రాల కాంతిభేదం వల్ల వర్ణపటంలో స్వల్పమార్పులు నిజంగానే వస్తాయి. కాబట్టి రంగు కొంత మారినంత మాత్రాన ఘటనను తోసిపుచ్చరాదు.

గుర్తింపులో పొరపాటు విలువ

2000లో మాకో బృందం 13 నుంచి 17 ఘటనల ఆధారంగా పరివేష ద్రవ్యరాశిలో సుమారు 20 శాతం ఇటువంటి చీకటి వస్తువులదే కావచ్చునని అంచనా వేసింది. 2007లో ఎరోస్ బృందం, 0.4 సౌరద్రవ్యరాశి గల వస్తువుల వాటా 8 శాతానికి మించదని తేల్చింది. ఘటనలు ఇంత తక్కువైనప్పుడు, ఒక్క చరనక్షత్రం పొరపాటున జాబితాలో చేరినా అంచనా తారుమారవుతుంది. తొలుత ఘటనలుగా లెక్కించిన కొన్ని నక్షత్రాలు తరువాత మళ్లీ ప్రకాశించడంతో వాటిని తొలగించవలసి వచ్చింది.

ముగింపు

కాంతివక్రం అనుమానాన్ని కలిగిస్తుంది. వర్ణపటం దానిని పరీక్షిస్తుంది. ఈ రెండూ ఘటనను నిర్ధారించగలవే గాని, కటకం ఏమిటో చాలాసార్లు చెప్పలేవు. ఓగ్లే-2011-బీఎల్‌జీ-0462 ఘటనలో నక్షత్రపు స్థానంలో కలిగిన అతిసూక్ష్మ మార్పును హబుల్ దూరదర్శిని కొలిచాకే కటకపు ద్రవ్యరాశిని లెక్కించడం సాధ్యమైంది. 2022లో ఒక బృందం దానిని సుమారు 7 సౌరద్రవ్యరాశుల ఒంటరి కృష్ణబిలంగా గుర్తించగా, మరొక బృందం తక్కువ ద్రవ్యరాశిని సూచించింది. తరువాతి విశ్లేషణలు కృష్ణబిలమన్న నిర్ణయాన్నే బలపరిచాయి. కనిపించని వస్తువు విషయంలో ఏ ఒక్క సాక్ష్యమూ తనంతట తాను చాలదు.