పాట మీద విమర్శ, విమర్శ మీద తగవు: చిప్పగిరి దాసుల ఉదాహరణ

పరిచయం

కిందటి పాఠంలో సంగీత విమర్శ అంటే ఏమిటో, అది ప్రచారానికీ పరిచయ వ్యాసానికీ ఎలా భిన్నమో చదివారు. ఈ పాఠంలో ఒక అడుగు ముందుకు వేద్దాం. విమర్శ వెలువడిన తరువాత ఏం జరుగుతుంది? ఒకే సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు ఆ విమర్శ దగ్గర రెండుగా ఎందుకు చీలిపోతారు?

సినిమా కంపెనీల డబ్బుతో పని లేకుండా సొంతంగా పాటలు కట్టి విడుదల చేసేవారి ఆల్బమ్‌ల విషయంలో ఈ చీలిక బాగా కనిపిస్తుంది. పది పాటలను ఒకే కథగా అల్లడం, పల్లవి చరణాల చట్రాన్ని వదిలేయడం, ఇరవై నిమిషాల పాట చేయడం వంటి సాహసాలు వాళ్లే ఎక్కువగా చేస్తారు. అలాంటి ఆల్బమ్ గురించి ఒక సమీక్షకుడు "ఆశయం పెద్దది, పాటలు దాన్ని మోయలేకపోయాయి" అని రాశాడనుకోండి. ఒక అభిమాని "నిజమే, నాకూ అలాగే అనిపించింది" అంటాడు. ఇంకొకరు "ఇంత కష్టపడి చేస్తే ఇలాగేనా రాసేది?" అంటారు. మూడోవారు "అసలు ఆ రాసినాయనకు సంగీతం వచ్చా?" అంటారు. ముగ్గురూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నామనే అనుకుంటారు. నిజానికి వాళ్ల చేతుల్లో ఉన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు.

మొదటిది, ఈ రకం రచన చేయదగినదేనా అన్నది. రెండోది, చేయబూనిన పని ఇందులో నెరవేరిందా అన్నది. మూడోది, ఆ మాట చెప్పడానికి విమర్శకుడికి ఏం అధికారం ఉందన్నది. పాఠం పొడవునా ఈ మూడింటినీ గుర్తుంచుకోండి. వీటిని విడదీసి చూడడానికి నిన్న మొన్నటి ఆల్బమ్ కంటే రెండున్నర శతాబ్దాల నాటి ఉదాహరణ ఎక్కువ అనుకూలంగా ఉంటుంది. అందులో మనకు పక్షం లేదు కనుక.

చిప్పగిరి, విజయదాసులు

చిప్పగిరి కర్నూలు జిల్లా పడమటి కొసన, గుంతకల్లుకు చేరువలో ఉన్న ఊరు. ఆలూరు, ఆదోని ప్రాంతాలు ఒకప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఇక్కడ ఇళ్లలో, సంతల్లో తెలుగు, కన్నడం పక్కపక్కనే వినిపించడానికి కారణం అదే. కన్నడ కీర్తన సాహిత్యంలో పెద్దపేరైన విజయదాసుల కట్ట ఆంధ్రప్రదేశ్‌లో ఉండడానికీ అదే కారణం.

విజయదాసులు (1682–1755) రాయచూరు జిల్లా మాన్వి దగ్గరి చీకలపర్విలో పుట్టారు. చివరి కాలం చిప్పగిరిలో గడిపి అక్కడే కన్నుమూశారు. ఏటా కార్తీక శుద్ధ దశమినాడు ఆరాధన జరుగుతుంది. పురందరదాసుల తరువాత హరిదాస సంప్రదాయానికి మళ్లీ ఊపు తెచ్చినవారిగా ఆయనను చెప్పుకుంటారు.

ఆయన పేరు చెప్పగానే వినిపించేవి సూళాదులు. ఈ మాట మీకు పూర్తిగా కొత్తది కాదు. సంగీతం నేర్చుకునే పిల్లలు అలంకారాలు పాడే ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలను ఇప్పటికీ "సూళాది సప్త తాళాలు" అనే అంటారు. సూళాది ఒక పొడవైన రచన. భాగం మారినప్పుడల్లా తాళం మారుతుంది. చివర "జతె" అనే రెండు పాదాల ముగింపు ఉంటుంది. పల్లవి దగ్గరికి తిరిగి తిరిగి వచ్చే కీర్తనలాగా వినేవాడికి అది ఆసరా ఇవ్వదు. ఒక వాదాన్ని మెట్టు మెట్టుగా నడిపిస్తూ, నడకనే మార్చుకుంటూ పోతుంది. ద్వైత సిద్ధాంతంలోని జీవేశ్వర భేదం, తారతమ్యం వంటి గట్టి విషయాలను విజయదాసులు ఈ రూపంలో, వాడుక భాషలో పెట్టారు. ఆశయం చిన్నది కాదు. సంస్కృత గ్రంథాలు పట్టి పాఠం చెప్పుకునే విషయాన్ని తంబూర పట్టుకుని వీధిలో పాడడమే ఆ ఆశయం.

మాన్వి పండితుడు

మధ్వ సంప్రదాయంలో రెండు కూటాలున్నాయి: సంస్కృత శాస్త్రం చదివిన వ్యాసకూటం, దేశభాషలో పాడే దాసకూటం. ఇద్దరి దైవమూ ఒకటే, సిద్ధాంతమూ ఒకటే. అందువల్ల వారి మధ్య వచ్చిన తగవు బయటివాడితో వచ్చినది కాదు, ఒకే గూటిలోది. అభిమానుల తగవులన్నింటికీ ఇదే లక్షణం.

మాన్విలో శ్రీనివాసాచార్యులనే యువ పండితుడు ఉండేవారు. సంప్రదాయం చెప్పే కథ ఇది. విజయదాసులు ఆ ఊరు వచ్చి, సమారాధనకు ఆయనను భోజనానికి పిలిచారు. దేశభాషలో పాటలు పాడుకునేవారి పంక్తిలో కూర్చోవడం ఆచార్యులకు ఇష్టం లేకపోయింది. కడుపునొప్పి అని సాకు చెప్పి వెళ్లలేదు. తరువాత ఆ సాకే నిజమై, నొప్పి పట్టుకుంది. ఎంతకీ తగ్గలేదు. ఆయన తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం చేరి రాఘవేంద్రస్వామిని సేవించగా, విజయదాసుల దగ్గరికే వెళ్లమని ఆజ్ఞ అయింది. విజయదాసులు తన శిష్యుడు గోపాలదాసు దగ్గరికి పంపారు. గోపాలదాసు తన ఆయుష్షులో 40 ఏళ్లు ధారపోసి ఆయనను బతికించారు. ఆ పండితుడే ఆ తరువాత జగన్నాథదాసులు (1728–1809) అయ్యారు.

ఇది భక్తులు భక్తుల కోసం చెప్పుకున్న కథ. దాన్ని చరిత్ర పత్రంగా కాక, ఒక సమాజం విమర్శను ఎలా చూసిందో చెప్పే సాక్ష్యంగా చదవండి. అలా చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి.

ఒకటి, శ్రీనివాసాచార్యులు అడిగింది మొదటి ప్రశ్న మాత్రమే. దేశభాషలో సిద్ధాంతం పాడడం తగునా అన్నది ఆయన అభ్యంతరం. అది తెలివితక్కువ అభ్యంతరం అనుకోకండి. శాస్త్రంలో ప్రతి పదానికీ హద్దు ఉంటుంది. పాటలో తాళం కోసం, ప్రాస కోసం పదం జరుగుతుంది, హద్దు చెరుగుతుంది. ఆ భయం ఉన్నవాడు చేయవలసిన పని ఏమిటి? ఒక సూళాది తీసుకుని, "ఇదిగో, ఈ అట తాళం భాగంలో అర్థం జారింది" అని చూపాలి. అప్పుడది విమర్శ అవుతుంది. కథలో ఆయన ఆ పని చేయలేదు. పంక్తికి రాలేదు, పాట వినలేదు. వినకుండా చెప్పింది ముందే కట్టుకున్న అభిప్రాయం తప్ప విమర్శ కాదు.

రెండోది మనకు ఇంకా ముఖ్యం. ఆ అభ్యంతరానికి దాసకూటపు అభిమానులు ఇచ్చిన సమాధానం ఏమిటి? కడుపునొప్పి! అంటే కథ నేరుగా మూడో ప్రశ్నకు దూకింది. "అనడానికి నువ్వెవరు?" అని అడిగి, అన్నందుకు శిక్ష వేసింది. పాట బాగుందో లేదో ఆ సంభాషణలో ఎక్కడా రాలేదు. నేటి అభిమానులు సమీక్షకుడి మీద విరుచుకుపడేటప్పుడు చేసేదీ ఇదే. వాళ్ల చేతిలో శాపం లేదు, అంతే తేడా.

సమాధానం రచనగా వచ్చింది

అయితే ఈ కథకు మరో సగం ఉంది. జగన్నాథదాసులైన తరువాత ఆ పండితుడు కన్నడంలో, భామినీ షట్పది ఛందస్సులో "హరికథామృతసారం" రాశారు. షట్పది అంటే ఆరు పాదాల పద్యం. చదువుకోవడానికే కాదు, పాడుకోవడానికీ వీలైనది. ఏ పనిని తక్కువగా చూశారో ఆ పనినే చేపట్టి, తన శాస్త్ర పాండిత్యాన్నంతా అందులోకి దించారు. ఆ కన్నడ గ్రంథానికి తరువాత పండితులు సంస్కృతంలో వ్యాఖ్యానం రాశారు. మామూలుగా వ్యాఖ్యానం శాస్త్ర భాష నుంచి దేశభాషకు దిగుతుంది. ఇక్కడ అది ఎదురు నడిచింది.

దేశభాషలో సిద్ధాంతం నిలుస్తుందా అన్న మొదటి ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు. మరి రెండో ప్రశ్న? విజయదాసుల ఫలానా సూళాది బాగా కుదిరిందా, ఫలానాది బలహీనంగా ఉందా? దానికి కథ దగ్గర జవాబు లేదు. అడిగే వీలు కూడా మిగల్చలేదు. విమర్శ అపచారమైన చోట "ఇది గొప్పది" అని వేరుచేసి చెప్పడమూ కష్టమవుతుంది, ఎందుకంటే ఒకదాన్ని గొప్పదంటే పక్కది కొంచెం తక్కువన్నట్టే కదా. సంప్రదాయం విజయదాసుల రచనలు 25,000 అని చెబుతుంది. ఆ సంఖ్య భక్తితో చెప్పినది. తూచి చూడడానికి అనుమతి లేని చోట లెక్క పెట్టడమే మెచ్చుకోలు అవుతుందని నాకు అనిపిస్తుంది. ఆ కవి దగ్గర నిజంగా అపూర్వమైనవి ఏవో కొత్తగా వినడానికి వచ్చినవాడికి చూపించలేకపోవడం చిన్న నష్టం కాదు.

మన కాలానికి దగ్గరగా: నాలుగు స్వరాల రాగం

ఇదే తగవు 20వ శతాబ్దంలో ఎలా నడిచిందో ఇంకో ఉదాహరణతో పోల్చి చూడండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) పేరు మీకు తెలిసిందే. 72 మేళకర్త రాగాలలోనూ కృతులు రచించిన ఆయన, అక్కడితో ఆగక మహతి, లవంగి వంటి నాలుగే స్వరాల రాగాలను ముందుకు తెచ్చారు. మహతిలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం మాత్రమే ఉంటాయి. మూడు స్వరాలతోనూ ప్రయత్నం చేశారు. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ దీన్ని బహిరంగంగా తప్పుపట్టారు. కర్ణాటక సంగీత శ్రోతలు రెండుగా చీలారు.

ఇక్కడా ప్రశ్నలను విడదీయండి. "నాలుగు స్వరాలుంటే అది రాగమేనా?" అన్నది మొదటి రకం ప్రశ్న. దానికి పుస్తకాల్లో కొంత జవాబు దొరుకుతుంది. వాడుకలో ఉన్న వర్గీకరణ ఐదు స్వరాల ఔడవంతో మొదలై షాడవం, సంపూర్ణం అని సాగుతుంది. కానీ మతంగుడి "బృహద్దేశి"లో నాలుగు స్వరాలదానికి "స్వరాంతరం" అనే పేరుంది. ఆ గ్రంథమే అలాంటివి మార్గ సంగీతం కావనీ, శబరులు, పులిందులు, ఆంధ్రులు, ద్రవిడులు వంటివారు పాడుకునేవనీ పక్కన పెట్టింది. శాస్త్రం గీసిన గీతకు అవతల ఉన్నవాళ్లలో మనమూ ఉన్నామన్నమాట! కాబట్టి "శాస్త్రంలో లేదు" అన్న వాదన వినబడినప్పుడు, ఆ శాస్త్రం ఎవరి పాటను లెక్కలోకి తీసుకుందో కూడా అడగాలి.

రెండో ప్రశ్న వేరు. నాలుగు స్వరాలతో విసుగు పుట్టకుండా ఎంతసేపు ఆలాపన చేయవచ్చు? దీనికి పుస్తకం జవాబు చెప్పదు, చెవి చెప్పాలి. 1975 నాటి తమిళ చిత్రం "అపూర్వ రాగంగళ్"లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతి ఆధారంగా ఒక పాట కట్టారు, జేసుదాస్ పాడారు. ఆ స్వరాల మీద ఒక చక్కని పాట నిలుస్తుందని అది చూపింది. గంటసేపు విస్తరించే రాగంగా నిలుస్తుందని మాత్రం చూపలేదు. అభిమానులు మొదటిదాన్ని రెండోదానికి రుజువుగా చెప్పుకుంటే ఒప్పుకోనక్కరలేదు. అలాగే పెద్ద రాగం కాలేకపోతే పాటకూ పనికిరాదని విమర్శకుడంటే అదీ ఒప్పుకోనక్కరలేదు.

మూడో ప్రశ్న గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. "అసూయతో అన్నాడు", "ఆయనంత పాడగలడా?" అనే మాటలు ఇటువంటి తగవుల్లో ఎప్పుడూ వస్తాయి. విమర్శకుడికి అసూయ ఉండవచ్చు కూడా. అయినా అతను చూపిన లోపం పాటలో ఉందో లేదో తెలుసుకోవాలంటే మళ్లీ పాట దగ్గరికే పోవాలి. జగన్నాథదాసులు మొదట వినకుండా తిరస్కరించిన పండితుడే అయినా, ఆయన అభ్యంతరంలోని సారాన్ని తీసుకుని, ఒక సూళాదిని పదం పదంగా పరిశీలించడం నేటికీ సాధ్యమే.

అభ్యాసం

1. మీకు బాగా ఇష్టమైన, సినిమాకు చెందని ఒక ఆల్బమ్‌ను గానీ భజన బృందం పాటల వరుసను గానీ ఎంచుకోండి. దాని మీద మీరు విన్న ప్రతికూల అభిప్రాయం ఒకటి రాయండి. అది మూడు ప్రశ్నల్లో దేనికి చెందుతుందో గుర్తించండి.

2. అదే అభిప్రాయానికి పాటలోని ఒక నిర్దిష్టమైన చోటును ఆధారంగా చూపి, ఒప్పుకుంటూ గానీ కాదంటూ గానీ 200 మాటల్లో జవాబు రాయండి. విమర్శకుడి గురించి ఒక్క మాటా రాయకూడదు.

3. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాల విద్యార్థులు వీలైతే కార్తీక శుద్ధ దశమినాడు చిప్పగిరి ఆరాధనకు వెళ్లి ఒక సూళాదిని మొదటి నుంచి చివరి దాకా వినండి. తాళం ఎక్కడెక్కడ మారిందో వేళ్ల మీద లెక్కించి రాసుకోండి. ఆ మార్పు అర్థానికి తోడ్పడిన చోటు ఒకటి, తోడ్పడని చోటు ఒకటి పేర్కొనండి. కన్నడం రానివారు పక్కన కూర్చున్నవారిని అడగవచ్చు. అక్కడ రెండు భాషలూ వచ్చినవారు తప్పక ఉంటారు.